పేర్ల పట్టికయు డిస్కుల పేటికయు

కృష్ణానది సముద్రములో కలియుచోట, హంసలదీవికి చేరువగా పాలకాయతిప్ప అను పల్లె కలదు. విజయవాడనుండి బయలుదేరి ఆ పల్లెకు పోదలచినవాడు నది ఎడమగట్టు వైపున ఉయ్యూరు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ చేరి, అచటినుండి కోడూరు దారి పట్టవచ్చును. కుడిగట్టు వైపున తెనాలి, రేపల్లెల మీదుగా వచ్చువాడు పెనుమూడివద్ద కృష్ణను దాటి, పులిగడ్డలో దిగి, అదే అవనిగడ్డకు చేరును. పెనుమూడి, పులిగడ్డల నడుమ వంతెన 2006లో తెరువబడినది. అంతకు పూర్వము ఈ రెండవ దారికి నది అడ్డముగా నుండెను. ఇప్పుడు ఒక దారి తెగినను మరియొకటి మిగులును. ఊరు మాత్రము ఒక్కటే. ఏ దారిన వచ్చినను ఊరి మొదట ఒకే పేరు కనబడును కనుక, రెండు దారులను ఎరిగినవాడెవడును పాలకాయతిప్పలు రెండు ఉన్నవని లెక్క వ్రాసికొనడు.

కంప్యూటరు అట్లు వ్రాసికొనును. పెద్ద కంప్యూటరు శాలలలో సమాచారమును కంప్యూటరు లోపలి డిస్కులలో గాక, వేరుగా నిలిపిన పేటికలో దాచుదురు. పదులకొలది డిస్కులు, వానిపై అజమాయిషీ చేయు రెండు కంట్రోలర్లు ఒకే పెట్టెలో అమర్చిన ఈ సాధనమును వృత్తిలోనివారు డిస్క్ ఎర్రే అందురు. కంప్యూటరునుండి ఈ పేటికకు ఒకే తీగ వేసినచో ఆ తీగ తెగిననాడు పని నిలిచిపోవును. కావున రెండు తీగలు, తరచుగా నాలుగు, వేయుదురు. చిక్కు ఇక్కడనే మొదలగును. పేటికలోని డిస్కు ఒక్కటే అయినను, నాలుగు తీగల చివర నాలుగు డిస్కులు ఉన్నట్లు కంప్యూటరుకు తోచును. నాలుగింటికి నాలుగు పేర్లు పెట్టును. ఈ నాలుగును వేర్వేరనుకొని వానిపై వ్రాయుటకు ప్రారంభించిన యెడల, ఒకే రిజిస్టరును ఇద్దరు గుమాస్తాలు ఒకరి సంగతి ఒకరు ఎరుగక దిద్దినట్లగును. లెక్కలు చెడుటకు ఎంతో కాలము పట్టదు.

ఈ ప్రమాదము కంప్యూటరు పనివారిది మాత్రమేనని అనుకొనరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనము మరణించిరి. తుఫాను హెచ్చరికను తీరపు గుడిసెలదాకా చేర్చు సాధనములు ఆనాడు బహు కొద్ది. నేడు మచిలీపట్నములో వాతావరణ శాఖవారి డాప్లర్ రాడారు ఉన్నది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అనగా భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము, 2007 అక్టోబరునుండి సునామీ హెచ్చరిక కేంద్రమును నడుపుచున్నది. రాడారు చూచినదైనను, సముద్రములోని పరికరము కొలిచినదైనను, చివరకు ఏదో ఒక డిస్కుపై వ్రాయబడి, మరల దానినుండియే చదువబడవలెను. ఏ శాలలో ఏ పేటిక ఉన్నను, ఏ సాఫ్ట్‌వేర్ నడచుచున్నను ప్రశ్న ఒక్కటియే: గాలివాన రాత్రి ఒక తీగ పోయినప్పుడు లెక్క సాగునా, ఆగునా?

ఈ పనికై ఏర్పడినదే మల్టీపాత్, అనగా బహుమార్గ సాఫ్ట్‌వేర్. లినక్స్ కంప్యూటర్లలో దీనికి రెండు భాగములు కలవు. కెర్నెల్‌లోనున్న భాగము చదువులను, వ్రాతలను ఏదో ఒక మార్గమున పంపును. కెర్నెల్‌కు వెలుపలనున్న మల్టీపాత్ టూల్స్ అను భాగము మార్గములను పోగుచేసి, ఏవి ఒకే డిస్కునకు చెందినవో తేల్చి, అవి బ్రతికి యున్నవో లేవో వేళకు వేళకు పరీక్షించును. దీనిని ఆరంభించినవాడు క్రిస్టోఫ్ వరోకి. తరువాత పలు సంస్థల ఇంజనీర్లు దీనిని పెంచిరి. దీని మూలగ్రంథము బహిరంగము; ఎవరైనను చదువవచ్చును, దిద్దుబాటు పంపవచ్చును. ఇచట విమర్శకు తీసికొన్నది ఈ కృతిలోని ఒకే ఒక్క అంశము. క్రొత్త పేటిక బజారులోనికి వచ్చినప్పుడు దానిని ఈ సాఫ్ట్‌వేర్‌కు ఎట్లు పరిచయము చేయుదురు? ఆ పరిచయ విధానములో మేలెంత, కీడెంత?

విధానము తెలియవలెనన్న ముందు పేటిక తన్ను తాను ఎట్లు చెప్పుకొనునో తెలియవలెను. డిస్కులకు, కంప్యూటర్లకు నడుమ సంభాషణకు స్కజీ అను నిబంధనావళి ఉన్నది. అందులో మొదటి ప్రశ్న "నీవెవరవు?" అనునది. దానికి ఉత్తరువు ఇన్‌క్వయిరీ. జవాబు పరీక్ష దరఖాస్తు ఫారమువంటిది. గళ్ళు లెక్కపెట్టి ఇచ్చినవే. తయారుచేసినవారి పేరునకు 8 అక్షరములు, సరకు పేరునకు 16, కూర్పు సంఖ్యకు 4. అంతకు మించి చోటు లేదు. ఇది గాక 83వ పుట అని పిలువబడు మరియొక జవాబు కలదు. అందులో డిస్కునకు ప్రపంచమున మరి దేనికిని లేని గుర్తు సంఖ్య ఉండును. నాలుగు మార్గములలో వచ్చిన నాలుగు జవాబులలోను ఈ సంఖ్య ఒక్కటేయైనచో, డిస్కు ఒక్కటే. పాలకాయతిప్ప ఊరిపలక చేయు పని ఈ సంఖ్య చేయును. ఇంతవరకు వివాదము లేదు; తయారీదారు ఎవరో తెలియకున్నను ఈ పని జరిగిపోవును.

అసలు కష్టము మార్గముల స్వభావములో ఉన్నది. కొన్ని పేటికలలో రెండు కంట్రోలర్లును అన్ని డిస్కులకు సమానముగా సేవచేయును. ఏ మార్గమున పోయినను ఒకటే. మరికొన్నిటిలో ఒక డిస్కునకు ఒక కంట్రోలరే యజమాని. రెండవ కంట్రోలరు గుండా పోయినచో "ఇటు కాదు" అను జవాబు వచ్చును. వంతెనలేని రేవులో బల్లకట్టును తలచుకొన్నచో ఇది విద్యార్థులకు సులభముగా బోధపడును. బల్లకట్టు ఆవలి ఒడ్డున ఉన్నప్పుడు కేక వేసి ఈవలికి రప్పించుకొనవలెను. రప్పించుటకు ఒక పద్ధతి ఉన్నది. అది తెలియనివాడు రేవులో నిలిచిపోవును. పేటికలోను అంతే. యాజమాన్యమును ఒక కంట్రోలరునుండి మరియొకదానికి మార్పించుటకు తయారీదారు నిర్ణయించిన ప్రత్యేకపు ఉత్తరువు పంపవలెను. రెండు ఒడ్డులనుండి ఇద్దరు ఎడతెగక కేకలు వేసినచో బల్లకట్టు నడిమి నీటిలోనే తిరుగును, ఎవరును దాటరు. రెండు కంప్యూటర్లు ఒకే డిస్కును చెరియొక కంట్రోలరు వైపునకు లాగునప్పుడు సరిగా ఇదే జరుగును. డిస్కు చెడలేదు, తీగ చెడలేదు, పని మాత్రము సాగదు.

మూడవ తరగతి పేటికలు నడిమి దారి త్రొక్కినవి. రెండు కంట్రోలర్ల గుండాను పోవచ్చును గాని, ఒకటి దగ్గరి దారి, రెండవది చుట్టు దారి. దీనికి ప్రమాణ గ్రంథములో అల్యువా అను పేరు గల ఒక ఒప్పందము ఉన్నది. దాని ప్రకారము పేటికయే తన మార్గములను గుంపులుగా విభజించి, "ఇది శ్రేష్ఠము, ఇది సాధ్యమే గాని శ్రేష్ఠము కాదు, ఇది ఇప్పుడు విరామములో నున్నది" అని అడిగినవారికి చెప్పును. ఈ ఒప్పందమును తాను ఎరుగుదునా లేదా అనునది కూడ ఇన్‌క్వయిరీ జవాబులోనే రెండు బిట్లలో తెలుపును.

ఇక మల్టీపాత్ టూల్స్ చేసిన పని ఏమనగా, ఒక పట్టికను కట్టినది. హెచ్‌డబ్ల్యు టేబుల్ అను ఫైలులో కంపెనీ వెంట కంపెనీ, సరకు వెంట సరకు వ్రాసి, ఒక్కొక్కదానికి ఎదురుగా దాని స్వభావమును తెలిపిరి. మార్గములను ఎట్లు గుంపుకట్టవలెను, బ్రతికి యున్నదీ లేనిదీ ఏ ప్రశ్నతో తెలిసికొనవలెను, ప్రాధాన్యమును ఎట్లు లెక్కించవలెను, కెర్నెల్‌లోని ఏ ప్రత్యేక చాలకుని పిలువవలెను, చెడిన మార్గము బాగుపడినప్పుడు వెంటనే దానికి మరలవలెనా, ఆగవలెనా, అన్నియు అందులో ఉండును. ఇన్‌క్వయిరీ జవాబులోని పేరును ఈ పట్టికతో సరిపోల్చి, దొరికిన పంక్తిని అనుసరింతురు.

క్రొత్త పేటికను చేర్చదలచినవానికొఱకు ఆ ఫైలు మొదటనే ఒక మూస ఉంచబడినది. మూసపై సూచన ముచ్చటైనది: కంపెనీ పేరు, సరకు పేరు తప్పనిసరి, మిగిలినవానిలో మామూలు విలువకు భిన్నమైనవి మాత్రమే ఉంచవలెను, మామూలు విలువలను తొలగింపవలెను. ఈ ఒక్క నియమముచేత పట్టికలో ప్రతి పంక్తియు "ఈ పేటిక ఇతరులకంటె ఏ విషయములో వేరు?" అను ప్రశ్నకు జవాబుగా మారినది. పాఠ్యపుస్తకములు వ్రాయువారు కూడ ఈ నియమమును కొంత పాటించిన బాగుండును. పంక్తి పంపుటకు ముందు సొంత కంప్యూటరులో ప్రయత్నించి చూచుటకు మల్టీపాత్ డాట్ కాన్ఫ్ అను ఫైలు ఉన్నది. అందులో అదే రూపమున పంక్తి వ్రాసి, నడుచుచున్న కార్యక్రమమును మరల చదువుమని చెప్పి, మార్గముల జాబితాను చూడవచ్చును. మూలగ్రంథమును ముట్టనక్కరలేదు. పల్లెటూరి కాలేజీలోని ఒక ఉపాధ్యాయునికైనను ఇది అందుబాటులో నున్న పని.

పట్టిక వలన కలిగిన మేలునకు రెండు ఉదాహరణములు చాలును. క్లారియాన్ వంశపు పేటికలు, ఇంకను డిస్కు కేటాయింపబడని కంప్యూటరునకు లన్‌జడ్ అను ఒక ఉత్తుత్తి డిస్కును చూపును. ఎంజెనియో వంశపు పేటికలు యూనివర్సల్ ఎక్స్‌పోర్ట్ అను పేరుతో మరియొకదానిని చూపును. అది సమాచారము దాచుటకు గాదు, పేటిక యాజమాన్యపు ఉత్తరువులు నడచుటకు పెట్టిన కిటికీ. ఎరుగనివాడు వీనిని డిస్కులనుకొని మార్గములు కట్టి, అవి పనిచేయలేదని రాత్రంతయు వెదకును. పట్టికలో వీని పేర్లను విడువవలసినవిగా గుర్తించి యుంచిరి. ఇట్టి జ్ఞానము ఏ ప్రమాణ గ్రంథములోను ఉండదు. ఎవరో దెబ్బతిని నేర్చి వ్రాసి పెట్టినదే. కనుక పట్టికనే తీసివేయవలెననువారి మాట చెల్లదు.

అయినను పట్టికలో లోపములు చిన్నవి కావు. మొదటిది, అది స్వభావమును పేరుచేత పట్టుకొనుచున్నది. పేర్లు కంపెనీలతోపాటు మారవు. కొన్నియెడల కంపెనీలు మారినను పేర్లు మారవు. క్లారియాన్ పేటికను కనిపెట్టినది డేటా జనరల్ కార్పొరేషన్. ఆ కంపెనీని 1999లో ఈఎంసీ కొనినది. ఈఎంసీని 2016లో డెల్ తనలో కలుపుకొనినది. అయినను ఆ వంశమున తరువాత వచ్చిన వీఎన్ఎక్స్, యూనిటీ పేటికలు కూడ "నీవెవరవు?" అని అడిగినచో నేటికిని "డీజీసీ" అనియే చెప్పును. త్రీపార్ కంపెనీని 2010లో హ్యూలెట్ ప్యాకార్డ్ కొనినది. పేటిక మాత్రము "3పార్‌డేటా" అనుట మానలేదు. కారణము స్పష్టమే. పేరు మార్చినచో ప్రపంచమునందలి పట్టికలన్నింటిలోను అది అపరిచితమగును. పాత శాలలన్నియు చిక్కుపడును. పట్టికను చూచి పేటికలు భయపడవలసి వచ్చినది.

దీనికి తిరుగుడు కూడ ఉన్నది. ఎంజెనియో తయారుచేసిన ఒకే రకపు పేటికను ఐబీఎం, సన్, ఎస్‌జీఐ, డెల్ తమ తమ పేర్లతో అమ్మిరి. 2011లో ఆ వ్యాపారమును నెట్‌యాప్ కొనినది. స్వభావము ఒక్కటే, చాలకుడు ఒక్కడే, పేర్లు మాత్రము అనేకము. పట్టికలో అదే సంగతి పలుమార్లు వ్రాయవలసి వచ్చినది. వీనిలో ఒకదానిని దిద్ది మిగిలినవానిని మరచుట సులభము. ఇక ఐబీఎంవారి 2145 అను సంఖ్య చూడుడు: ఒక కుటుంబమునందలి పలు యంత్రములు ఆ ఒక్క సంఖ్యనే చెప్పును. ఒక పేరునకు పలు వస్తువులు, ఒక వస్తువునకు పలు పేర్లు. తర్కశాస్త్రము చదువుకొన్నవారు రెండింటిని దోషములనియే అందురు.

రెండవ లోపము మొదటిదానికంటె లోతైనది. పట్టికలో పేటిక స్వభావముతోపాటు యజమాని ఇష్టమును కూడ కలిపివేసిరి. మార్గములన్నియు ఒకేసారి పోయినప్పుడు ఏమి చేయవలెనో చెప్పు విలువ ఒకటి ఉన్నది. దాని పేరు నో పాత్ రిట్రై. "వెంటనే లేదనుము" అని చెప్పవచ్చును. "ఇన్ని మార్లు చూచి లేదనుము" అనవచ్చును. "ఎన్నటికిని లేదనకుము, మార్గము వచ్చువరకు వేచియుండుము" అనియు అనవచ్చును. పట్టికలో ఎంజెనియో వంశమునకు 30 మార్లు అని ఉండును. మార్గమును 5 సెకండ్లకొకసారి పరీక్షించు మామూలు పద్ధతిలో ఇది 150 సెకండ్లు. క్లారియాన్ వంశమునకు 60 మార్లు, అనగా 300 సెకండ్లు. నెట్‌యాప్‌వారి మరియొక వంశమునకు ఎన్నటికిని వేచియుండుమని ఉండును.

ఈ సంఖ్యలలో కొంత భాగము పేటికనుబట్టి వచ్చినదే. ఒక కంట్రోలరు పడిపోయి రెండవది భారము స్వీకరించుటకు కొంతకాలము పట్టును. అంతలో తొందరపడి "లేదు" అనరాదు. ఆ మేరకు తయారీదారు మాట వినవలసినదే. కాని అంతకుమించి ఎంతసేపు వేచియుండవలెననునది పేటిక చెప్పదగిన సంగతి కాదు. అది పనినిబట్టి ఉండును. ఒక గ్రంథాలయపు కంప్యూటరులో రాత్రి డిస్కు కనబడకపోయినచో తెల్లవారువరకు వేచియున్నను నష్టము లేదు. "లేదు" అని తొందరపడినచో ఫైళ్ళ వ్యవస్థ వ్రాతలకు తలుపు మూసికొని, ప్రొద్దున ఎవరో వచ్చి తెరువవలసి వచ్చును. అట్టిచోట నిరీక్షణమే మంచిది. హెచ్చరిక కేంద్రమువంటి చోట సంగతి తలక్రిందులు. అచట ఒక కంప్యూటరు చెడినచో భారము వహించుటకు రెండవది సిద్ధముగా నుండును. మొదటిది "నాకు డిస్కు కనబడుటలేదు" అని నోరు తెరిచి చెప్పిననే రెండవది కదలును. చెప్పక వేచియున్నచో దానిమీది పనులన్నియు కొయ్యబారి నిలుచును, నిలిపివేయబోయినను నిలువవు, బయటినుండి చూచువానికి యంత్రము బ్రతికియున్నట్లే కనబడును. లేదనుటకంటె మౌనము హానికరమైన సందర్భము ఇది. ఇంతటి నిర్ణయమును పేటిక పెట్టెమీది పేరు చేసివేయుట న్యాయము కాదు.

పట్టిక కర్తలు ఈ సంగతి ఎరుగనివారు కారు. మల్టీపాత్ డాట్ కాన్ఫ్‌లో ఓవర్‌రైడ్స్ అను విభాగమును పెట్టి, అందులో యజమాని వ్రాసిన విలువ పట్టికలోని విలువలన్నింటిని త్రోసిపుచ్చునట్లు ఏర్పాటు చేసిరి. ఏర్పాటు మంచిదే, కాని అది తెలిసినవానికి మాత్రమే. తెలియనివాని శాలలో పట్టికయే తీర్పరి. నెట్‌యాప్ పేటికను తీసి దాని స్థానములో మరియొక కంపెనీ పేటికను పెట్టిననాడు, కంప్యూటరు వేచియుండు కాలము అనంతమునుండి కొద్ది సెకండ్లకు మారిపోవచ్చును. దానిని మార్చుదుమని ఎవరును అనుకొనలేదు, ఎవరును సంతకము చేయలేదు.

మూడవది చిన్నదే గాని పనివారిని విసిగించునది. ప్రత్యేక చాలకుడు అవసరమైన పేటికను ఈ పట్టికలో చేర్చినంత మాత్రమున చాలదు. కెర్నెల్‌లోని స్కజీ డీహెచ్ అను ఫైలులో వేరొక పేర్ల జాబితా ఉన్నది, అందులోను చేర్చవలెను. పేటికకు మరేదైన వింత మర్యాద కావలసినచో స్కజీ డెవ్ఇన్ఫో అను మూడవ జాబితా ఉన్నది. ఒకే బిడ్డ పేరును బడిలోను, రేషను కార్డులోను, పంచాయతీ పుస్తకములోను మూడు విధముల వ్రాయించుకొన్నవారికి ఈ బాధ చెప్పనక్కరలేదు. దీనికితోడు పట్టికలోని పేర్లు అక్షరాలా పోల్చునవి కావు; నమూనాలు. నమూనాకు మొదలు తుద గుర్తులు పెట్టకపోయినచో "లన్" అను ముక్క "లన్‌జడ్"లోను దొరకును, మరి దేనిలోనైనను దొరకును.

ఇతరులు చేసినదేమి? వెరిటాస్ కంపెనీ బహుమార్గ సాఫ్ట్‌వేర్‌లో పట్టికకు బదులు, పేటికకొకటి చొప్పున చిన్న చిన్న గ్రంథభాగములు కట్టిరి. పేటికను గుర్తుపట్టునది ఒకటి, దానితో ఎట్లు మెలగవలెనో చెప్పునది మరియొకటి. వానిని ప్రధాన సాఫ్ట్‌వేర్‌తో సంబంధము లేకుండ విడిగా విడుదల చేయుదురు కనుక, క్రొత్త పేటిక వచ్చినప్పుడు ఇల్లంతయు కదలింపనక్కరలేదు. గుర్తుపట్టుటను, మెలకువను విడదీయుట మెచ్చదగినది. కాని పట్టికలో ఒక్క పంక్తితో పోవుపనికి అచట ఒక గ్రంథభాగమే కావలెను. సోలారిస్‌లో పేర్ల జాబితాయే ఉన్నది. అందులో కంపెనీ పేరు సరిగా 8 అక్షరములు ఉండి తీరవలెను. సన్ అను మూడక్షరముల ఇంగ్లీషు పేరు వ్రాసినచో దాని వెనుక 5 ఖాళీలు లెక్కపెట్టి విడువవలెను. ఒక ఖాళీ తగ్గిననాడు పేటిక అపరిచితము. తప్పు ఎక్కడున్నదో కంటికి కనబడదు, ఏలనన కనబడనిదే తప్పు!

ఉన్నంతలో సరియైన వరుస లినక్స్ కెర్నెల్‌లోని ఆ రెండవ జాబితా దగ్గరనే కానవచ్చును. కెర్నెల్ ముందుగా పేటిక అల్యువా ఒప్పందమును ఎరుగునా అని దాని రెండు బిట్లను చూచును. ఎరిగినచో ఆ ఒప్పందపు చాలకుని పిలుచును. ఎరుగనప్పుడు మాత్రమే పేర్ల జాబితాను తెరచును. స్వభావము ముందు, పేరు తరువాత. మల్టీపాత్ టూల్స్ కూడ తరువాతి కూర్పులలో ఈ దారికి వచ్చినది. పేటిక అల్యువా ఎరిగినదని కనుగొన్నచో ప్రాధాన్యమును పట్టికనుబట్టి గాక పేటిక మాటనుబట్టి లెక్కించును. ఈ మార్పు వచ్చిన పిమ్మట క్రొత్త పేటికలకు పట్టికలో వ్రాయవలసినది చాల తగ్గినది.

ఎన్‌వీఎంఈ అను క్రొత్త నిబంధనావళి దీనిని ఇంకను ముందుకు నడిపినది. అందులో మార్గముల తారతమ్యమును పేటికయే చెప్పు పద్ధతి నిబంధనలో భాగము. లినక్స్‌లో 2018నుండి ఎన్‌వీఎంఈకి కెర్నెల్‌లోపలనే బహుమార్గ వ్యవస్థ ఉన్నది. దానికి కంపెనీల పట్టిక లేదు. క్రొత్త పేటిక వచ్చినచో, చెప్పవలసినది అది చెప్పును, వినవలసినది కెర్నెల్ వినును. అంతమాత్రమున పేర్లు మాయమైనవని సంతోషింపరాదు. అదే ఎన్‌వీఎంఈ డ్రైవరులో, నిబంధన తప్పి నడచు పరికరముల గుర్తులను వరుసగా పేర్చిన వేరొక జాబితా ఉన్నది. చెప్పిన మాట తప్పువారు ఉన్నంతకాలము వారి పేర్లు ఎక్కడనో వ్రాసి యుంచక తప్పదు. అపరాధుల జాబితా వేరు, అందరి జాబితా వేరు. మొదటిది పొట్టిగా ఉండును.

క్రొత్త పంక్తిని పట్టికలో చేర్చుటకు ముందు జరుగవలసిన పరీక్షల సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. మార్గముల జాబితాలో నాలుగు మార్గములు వరుసగా కనబడినవని పలువురు తృప్తిపడుదురు. అది పరీక్ష కాదు. వ్రాతలు సాగుచుండగా ఒక తీగను లాగవలెను. వ్రాతలు ఎన్ని సెకండ్లు ఆగినవో చూడవలెను. తీగను మరల తగిలించి దగ్గరి దారికి తిరిగి వచ్చినదో లేదో చూడవలెను. పిమ్మట ఒక కంట్రోలరును పూర్తిగా ఆపివేయవలెను, ఏలనన తీగ పోవుటయు కంట్రోలరు పోవుటయు పేటికకు ఒకే అనుభవము కాదు. చివరకు అన్ని తీగలను లాగి, కంప్యూటరు లేదనుచున్నదో, మౌనముగా నున్నదో గడియారము పట్టుకొని కొలువవలెను. ఈ కడపటి పరీక్షను చేయువారు తక్కువ.

పట్టిక ఎంత చక్కగా నున్నను తీర్చలేని లోపము ఒకటి ఇచటనే బయటపడును. విజయవాడనుండి పాలకాయతిప్పకు రెండు దారులున్నవని చెప్పుకొంటిమి. కాని ఆ రెండును అవనిగడ్డలో కలిసి, కోడూరు వైపు ఒకే దారిగా సాగును. అవనిగడ్డ దాటిన తరువాత రోడ్డు తెగినచో, పెనుమూడి వంతెన ఎంత గట్టిదైనను ప్రయోజనము లేదు. కంప్యూటరు శాలలో రెండు తీగలును ఒకే స్విచ్చిలో కలిసి పేటికకు పోవుచున్నచో సంగతి ఇంతే. మల్టీపాత్ టూల్స్ జాబితాలో అవి రెండు మార్గములుగానే, రెండును బాగున్నట్లుగానే కనబడును. స్విచ్చి ఒక్కటని తెలిపే సాధనము ఇన్‌క్వయిరీ జవాబులో లేదు, అల్యువాలో లేదు, పట్టికలో అసలే లేదు. అది తీగలను చేతితో తడవి చూచినవానికే తెలియును.

మూసను మరల చూచినచో అందులో పేటికను సమర్పించినవాని పేరునకు, ఉత్తరములు అందు చిరునామాకు చోటు ఉన్నది. కూర్పు సంఖ్యకును గడి ఉన్నది గాని దానిని నింపువారు అరుదు. ఈ పంక్తిలోని విలువలను ఏ కూర్పు మీద, ఏ సంవత్సరమున, ఏ తీగలు లాగి పరీక్షించిరో తెలుపుటకు మాత్రము గడి లేదు. నో పాత్ రిట్రై ఎదుట 30 అని చూచిన పాఠకునకు, అది కొలిచి పెట్టిన సంఖ్యయో, పక్క పంక్తినుండి దింపుకొన్న సంఖ్యయో తెలియు దారి ప్రస్తుతము ఆ పుటలో లేదు.